డైనోసార్ కింద సాంసన్ ఫోటో

మహబూబాబాద్‌లో, ఊరివాళ్ళ మాటలో మానుకోటలో, సినిమా టాకీసుకు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ దుకాణం. పొద్దుటి పూట. కంప్యూటర్ ముందు నవీన్. అతని వెనక ప్లాస్టిక్ కుర్చీలో, గార్ల నుంచి వచ్చిన పుష్పలత టీచర్.

"దండ తియ్యి, నవీన్."

"తీసిన కదా మేడం."

"పెద్దది తీసినవు. మెడ కాడ ఇంకోటి ఉన్నది, సన్నది."

"అది దండ కాదు మేడం, బార్డర్ లెక్క..."

"మల్లెపూలు కనబడుతున్నయి. తియ్యి."

"ఇగో, పోయింది."

"దీపం?"

"దీపం కూడ వద్దా?"

"వద్దు. పైన ఆ పావురాలు కూడ తియ్యి. డైనోసార్ పక్కన పావురాలేంది."

"మీరు తప్పు పట్టుకోకుండ్రి మేడం. పోయినోళ్ళ ఫోటో పెన్‌డ్రైవ్‌ల వచ్చిందంటే నా చెయ్యి దానంతట అదే దండ మీదికి పోతది. సాంసన్ అన్న పోయి ఇంకా రెండు నెలలు కూడ కాలే. నేనేమో అలవాటుల..."

"తెలుసు. తమ్ముడు పోయినంక పెట్టిన ఆదరణ కూడికకు ఫ్లెక్సీ నీ దగ్గరనే వేయించినం. అప్పుడు దండ పెట్టినవు, దీపం పెట్టినవు, పావురాలు, వాక్యం అన్నీ పెట్టినవు. నేనేమన్న అన్ననా?"

"అనలే."

"అది ఆ పనికి. ఇది సినిమా ఫ్లెక్సీ. హీరో సినిమా వస్తే అభిమానులు కడుతరు చూడు, అట్ల."

"అభిమానులంటే పదిమంది పదిహేను మంది ఉంటరు మేడం. కింద వరుసగ ఫోటోలు, చేతులు కట్టుకొని, నల్లద్దాలు పెట్టుకొని. మీరు ఒక్కటే ఫోటో ఇచ్చిండ్రు."

"ఒక్కటే."

"పక్కన మీది కూడ పెడుదామా?"

"నాది వద్దు."

"పోనీ అన్నకు నల్లద్దాలు పెట్టాల్నా? కండ్లు జర లోపలికి పోయినట్టున్నయి."

"ఆయన కండ్లు ఆయనకు ఉండనియ్యి."

"సరే మేడం. కానీ ఒక్క మాట అడుగుత. డబ్బింగ్ సినిమాకు మన మానుకోటల ఫ్లెక్సీ కట్టినోడు ఇప్పటిదాకా ఒక్కడు లేడు. డైనోసార్‌కు అభిమాన సంఘం అంటే జనం నవ్వరా?"

"నవ్వనియ్యి. ఇయ్యాళ్టి సంది ఉన్నదనుకో సంఘం."

"మీకు చిన్నప్పటి సంది ఇదే పిచ్చా? ఏడో తరగతిల సైన్స్ చెప్పేటప్పుడు పాఠంల లేకున్నా ఇవే చెప్పేటోళ్ళు మాకు."

"పాఠంల ఉండాలె. లేకపోతే నేనేం చెయ్యాలె."

"మరి ఈ కొత్త భాగం ఎట్లున్నది మేడం? నాకైతే మంచిగనే అనిపించింది. మా దోస్తులందరు పాతవాటి కాలిగోటికి కూడ సరిపోదంటుండ్రు."

"వాళ్ళన్నది అబద్ధం కాదు."

"బాగలేదా మీకు కూడ?"

"ఆ ల్యాబుల తయారుచేసిన కొత్త జంతువు బాగలేదు. ఎగురుతది, ఈదుతది, మనిషి లెక్క ఆలోచన చేస్తది. ఇగ ఓటెయ్యుడు ఒక్కటే తక్కువ. దేవుడు చేసినయి సరిపోలేనట్టు కొత్తది ఎందుకు? అరుపులు కూడ ఎక్కువైనయి. వేటకు పొయ్యే జంతువు అరిచి చెప్పి పోతదా? పిల్లి ఎలుక కాడికి మొత్తుకుంట పోతదా?"

"పోదు."

"నేను, సాంసన్ ప్రతి భాగానికి దీని మీదనే కొట్లాడుకునేటోళ్ళం. ఆయనకు అరుపులు కావాలె. నాకు సప్పుడు లేకుండ రావాలె."

"బాగలేని సినిమాకు మరి ఫ్లెక్సీ ఎందుకు మేడం?"

"శుక్రవారం వచ్చే హీరో సినిమా బాగుంటదని నీకెవరన్న హామీ ఇచ్చిండ్రా? వాళ్ళకు కొట్టినవు కదా. బాగుంటేనే అభిమానం అంటే అది అభిమానం ఎట్లయితది, బేరం అయితది."

"అది నిజమే."

"వాన సీను చూసినవా నువ్వు?"

"ఓడ మీదనా?"

"ఓడ మీద. పొడుగు మెడ తల్లి, పిల్లను కాళ్ళ నడుమ పెట్టుకొని వానల నిలబడ్తది. అరవదు. కదలదు. మ్యూజిక్ లేదు, వాన సప్పుడొక్కటే. ఆ కాసేపు హాల్ల ఒక్కరు సెల్లు తియ్యలే. ఆ ఒక్క సీను కోసం మిగతాదంత కడుపుల పెట్టుకుంట నేను. అది చాతకానోళ్ళు బాగలేదు బాగలేదు అనుకుంట తిరుగుతరు."

"మొదటిది ఎక్కడ చూసిండ్రు మీరు?"

"జనగామల. సెలవులకు మా మేనమామ ఇంటికి పోయినం. నేనప్పుడు నీ దగ్గర చదువుకునే పిల్లలంత ఉంటి, సాంసన్ ఇంకా చిన్నోడు. తెర మీదికి జంతువు తల రాంగనే కుర్చీ కింద దూరిండు. సినిమా అయిపోయేదాక బయటికి రాలే."

"అంటే చూడనే లేదా?"

"చూడలే. ఇన్నడు. ఇంటికొచ్చినంక అందరి గొంతులు చేసి చూపెట్టిండు. ముసలాయనది, పిల్లలది, ఆఖరుకు జంతువుది కూడ. మా మామ నోరు తెరుసుకొని చూసిండు."

"నా దగ్గర ఎవరు చదువుకుంటరు మేడం. నేను ఫ్లెక్సీలు కొట్టుకునేటోన్ని."

"నాలుక మడత పడ్డది. నీతోని చదువుకున్న పిల్లలంత అనబోయిన. బొమ్మ జర పైకి జరుపు. జంతువు పండ్లు ఆయన తలకు తగులుతున్నయి."

"నవీన్, శుక్రవారం ఫ్లెక్సీలు ఏమాయె?"

"రాండ్రి సేటు. కొట్టి పెట్టిన, లోపట ఉన్నయి. మేడం, ఈయన టాకీసు ఓనరు, రాజేశం సేటు."

"నాకు టీచరమ్మ ఎరుకే. రోజు మా టాకీసుకు వస్తది. నమస్తే టీచరమ్మ. గిదేంది, మా సినిమా బొమ్మనే ఉన్నది. ఎవలు కట్టిపిస్తుండ్రు?"

"నేనే సేటు. మీ గేటుకు."

"మా గేటుకా? గీ కింద పిలగాడు ఎవలు?"

"మా తమ్ముడు. సాంసన్."

"మొన్న పోయిండన్న తమ్ముడా?"

"ఆ తమ్ముడే."

"టీచరమ్మ, నేను నీ మాట కాదనేటోన్ని కాదు. కానీ జర ఆలోచన చెయ్యి. పోయినాయన ఫోటో టాకీసు గేటుకా? జనం పిల్లాజెల్లతోని వస్తరు. శుక్రవారం కొత్త సినిమా వెడుతున్నం, కొబ్బరికాయ కొడుతం."

"ఫోటో చూస్తే పోయినాయన అని ఎవరికి తెలుస్తది? దండ తీయించిన కదా."

"నాకు ఎరుకైంది కదా."

"మీకు నేను చెప్పిన కాబట్టి."

"గేటు ఫ్యాన్సుకు ఇస్తనన్న. పిలగాండ్లు ఊకోరు, లొల్లి వెడుతరు."

"శుక్రవారం సంది వాళ్ళది. ఇయ్యాల బుధవారం. రెండు రోజులు నాకియ్యుండ్రి."

"హీరో అంటే ఒక లెక్క. గీ అమెరికోని జంతువుకు, గార్ల పిలగానికి ఏం సంబంధం అంటే నేనేం చెప్పాలె?"

"అమెరికోనిదేంది సేటు. భూపాలపల్లి అవతల గోదారి పొంటి ఎముకలు దొరికినయి. పొడుగు మెడవే. పట్నంల మ్యూజియంల నిలబెట్టిండ్రు, పోయి చూడుండ్రి. మన నేల మీద మేసి, మన వాగులల్ల నీళ్ళు తాగి పోయినయి. సినిమా తీసుడు వాళ్ళు నేర్చిండ్రు, మనం నేర్వలే. అంతే."

"గది నాకు ఎరుకలే."

"ఎవ్వరికి ఎరుకలే. మనదగ్గర దొరికింది మనకే ఎరుక ఉండదు."

"మంచిగ మాట్లాడుతవు టీచరమ్మ. కానీ ఇంకో సంగతి ఇను. గీ సినిమాల మనోళ్ళను ఏం చేసిండ్రు? దొరలు, పైలట్లు, సైంటిస్టులు అందరు టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతరు. మన భాష ఎవనికి వెట్టిండ్రు? ఓడల వంటోనికి. నవ్వేటందుకు. నేను పుట్టినప్పటి సంది చూస్తున్న, మన మాట వంటోనికో దొంగకో వెడుతరు. గసొంటి సినిమాకు నువ్వు ఫ్లెక్సీ కడుతవా?"

"మీరు నవ్వలేదా సేటు, ఆ వంటాయన మాట్లాడితే?"

"నవ్విన. నవ్వకుంట ఎట్లుంటం. ఆ జంతువు వంటర్ర కిటికీల తల వెడుతది సూడు. గప్పుడు ఏమంటడు? 'నీకు దండం పెడ్త, నన్ను తినకు, నాకు షుగరున్నది.' ఊరంత గదే మాట ఇప్పుడు. మా గోదాంల హమాలీలు కూడ పనిచెప్తే గదే అంటుండ్రు."

"బాగ చెప్పిండా?"

"మస్తు చెప్పిండు."

"ఆ చెప్పింది ఈయననే సేటు. ఫోటోల ఉన్నాయన."

"ఎవలు?"

"సాంసన్. తెర మీద తెల్లాయన నోరు కదులుతది. గొంతు మా తమ్మునిది."

"మేడం, నాకు ఒక్కసారి కూడ చెప్పలే అన్న. స్టేషన్ కాడ కలిసినప్పుడల్లా పట్నంల ఏం పని అంటే, మాటల పని అనేటోడు. సెల్‌ఫోన్ కంపెనీ అనుకున్న నేను."

"ఏం చెప్పుకుంటడు నవీన్? అన్నేండ్లు ఆయనకు ఇచ్చినయి అరుపులే. గుంపు ఉరుకుతుంటే గుంపుల ఒక అరుపు. జంతువు మింగుతుంటే ఒక అరుపు. ఇంటికొచ్చి, 'అక్కా, ఈసారి నన్ను ఇంటర్వెల్ కాకముందే తిన్నది' అని నవ్వేటోడు. ఈ భాగంల మొదటిసారి ఒక మనిషిని ఇచ్చిండ్రు. పేరున్న మనిషి, పనున్న మనిషి."

"వంటోడు."

"వంటాయన. మన భాష నవ్వేటందుకే పెట్టిండ్రు, నేను కాదనను సేటు. రాసిచ్చిన కాయితంల మాటకొక బూతు ఉండెనట. మా దిక్కు ఎవ్వరు ఇట్ల మాట్లాడరు, మా ఇంట్ల మాట్లాడినట్టే నేను చెప్త, నచ్చకుంటే వేరేటోన్ని పిలుచుకోండ్రి అన్నడు. అరుసుకుంట అరుసుకుంట ఆఖరుకు ఒక్క వేషం దొరికినోడు అన్నడు ఆ మాట."

"ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు. ఆ షుగర్ మాట కాయితంల లేదు. ఆయననే అన్నడు."

"భలే కల్పించిండు."

"కల్పించలే సేటు. ఆయనకు ఉండె. దాంతోనే పోయిండు."

"అయ్యో. ఊరంత నవ్వుతుంటిమి కదా దానికి."

"నవ్వుండ్రి. నవ్వాలెననే చెప్పిండు. ఎవరు నవ్విస్తుండ్రో తెలువాలె, అంతే నేనడిగేది. సినిమా అయినంక తెర మీద పేర్లు పోతయి కదా, కరెంటు వైర్లు మోసినోళ్ళ పేరు కూడ ఉంటది. గొంతు ఇచ్చినోళ్ళ పేరు కోసం చూసిండట పాత భాగాలల్ల, కనబడలే. అందుకే గేటుకు కడుతున్న."

"పేరు కింద ఏం రాయాలె మేడం?"

"రాయి. 'సాంసన్, గార్ల. ఓడల వంటాయన గొంతు.' అంతే."

"పేరు ముందు కీర్తిశేషులు..."

"వద్దు."

"కింద పుట్టిన తారీఖు, పోయిన..."

"ఏ తారీఖులు వద్దు నవీన్."

"టీచరమ్మ, ఒక పని చేద్దాం. లోపట క్యాంటీన్ గోడకు కట్టు. ఎన్ని రోజులన్న ఉంచుకో, నేను తియ్యనియ్య. దండ కూడ నేనే తెస్త, అసలు పూలది. గౌరవంగ ఉంటది."

"సమోసలు తినుకుంట చూసేటందుకు కాదు సేటు. గేటుకే. దండ లేకుండనే."

"పట్టుబట్టినవు."

"పట్టుబట్టిన. గేటు మీది, వద్దంటే నేనేం చెయ్యలేను. కానీ రోడ్డు మీది కాదు కదా. రోడ్డు మీద పట్టుకొని నిలబడ్త. ఒక కొస నేను, ఒక కొస నవీన్."

"నన్నెందుకు ఇందులకు గుంజుతరు మేడం. సేటు నాకు గిరాకీ..."

"పట్టుకోవా?"

"పట్టుకుంట."

"బడి పంతులమ్మవు. రోడ్డు మీద సినిమా ఫ్లెక్సీ పట్టుకొని నిలబడుతవా? పిల్లలు సూడరా?"

"చూడాలె. సెలవు పెట్టే వచ్చిన."

"ఒక మాట అంట, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు అభిమాని అంటున్నవు, చిన్నప్పటి సంది అంటున్నవు. గేటు కాడ మా సోమ్లా నాకు రోజు చెప్తుండు. టీచరమ్మ ఫస్ట్ షోకు వస్తది, ఇంటర్వెల్ కాంగనే లేచి పోతది అని. ఒక్కనాడు కాదు, రోజు. సగం సినిమా కూసోలేనిదానివి, నువ్వేం అభిమానివి టీచరమ్మ?"

"సోమ్లా చెప్పింది నిజమే."

"ఎందుకు మరి?"

"ఇంటర్వెల్ దాకనే ఆయన గొంతు. అవతల వేరేటాయన."

"వేరేటాయన అంటే?"

"ఇంటర్వెల్ అయిపోయి లైట్లు బందు చేస్తరు. వంటాయన తలుపు దగ్గరికేసి 'ఎవరది' అంటడు. ఆ ఒక్క మాటకే నాకు తెలిసిపోయింది. మొదటిరోజే లేచి వచ్చిన. మళ్ళ ఆ మాట దాక ఆగలే నేను ఏనాడు."

"ఎందుకు మారిండ్రు?"

"పని సగంల ఉండంగ దవాఖానల పడ్డడు. స్టూడియో వాళ్ళు నాకే ఫోన్ చేసిండ్రు. సగం అయింది మేడం, సినిమా తారీఖు ఆగదు, మిగిలింది వేరేటాయనతోని చెప్పిస్తం, ఏమనుకోకుండ్రి అన్నరు. మర్యాదగనే అడిగిండ్రు. నేనే సరే అన్న."

"మరి సరే అన్నవు కదా."

"అన్న. అన్నంత మాత్రాన కూసోని ఇనాల్నా? ఆ నోరు కదులుతుంటే ఇంకొకరి గొంతు నేను ఇనను. ఆ వంటాయనను జంతువు తిననియ్యి, ఓడ మునగనియ్యి, నాకు పని లేదు. ఆ సగమే నా సినిమా. ఆ సగానికే కడుతున్న ఫ్లెక్సీ. సగానికి అభిమాని ఉండొద్దని ఎక్కడన్న రాసి ఉన్నదా?"

"లేదు."

"మరి?"

"కట్టుకో తల్లీ. గేటుకు ఎడమ దిక్కు. శుక్రవారం పొద్దుగాల ఆట దాకా ఎవ్వడు ముట్టడు. ఫ్యాన్సుకు నేను చెప్పుకుంట."

"దండ లేకుండ."

"లేకుండనే. నవీన్, గేటు కొలత ఎరుకే కదా, కొట్టు."

"కొడ్త సేటు. మేడం, ఒక్క మాట."

"చెప్పు."

"మీరు ఆఖరుదాక ఒక్కనాడు కూడ చూడలేదా?"

"ఇప్పుడే చెప్పిన కదా."

"కోపం చెయ్యకుండ్రి. మీరు గొంతు మారిందన్నంక నాకు సమజయింది. ఇంటర్వెల్ అవతల ఆ వంటాయన చప్పగ అయిండు, ఏమైందిరా ఈయనకు అనుకున్న నేను. కానీ ఆఖర్ల మళ్ళ మొదటి లెక్కనే అయితడు."

"చెప్పంగ చెప్పంగ వేరేటాయనకు అలవాటు అయి ఉంటది."

"కాదు మేడం. ఆఖరు సీన్ల ఉన్నది షుగర్ మాట చెప్పిన గొంతే. సేటు, మీరు చెప్పుండ్రి. మీరు రోజు చూస్తరు కదా."

"జనం ఎట్ల లేస్తరో చూసేటందుకు ఆఖర్ల బాల్కనీల నిలబడ్త నేను. పిలగాడు చెప్పేది నిజమే టీచరమ్మ. లేచి చెప్పులేసుకున్నోళ్ళు కూడ ఆయన మాట కోసం ఆగుతరు. గొంతు గదే."

"కాదు సేటు. సగమే అయిందని స్టూడియో వాళ్ళు చెప్పిండ్రు నాకు."

"సగం అంటే మొదటి సగమే అన్నరా మేడం? ఆ మాటలు వరుసగనే చెప్తరా?"

"వరుసగ చెప్పరు. అమెరికా నుంచి ఏ ముక్క ముందు తయారై వస్తే ఆ ముక్క చెప్తరు. సాంసన్ అనేటోడు. పొద్దుగాల చచ్చిపోయే సీను చెప్పి, మాపటికి పెండ్లి సీను చెప్పిన అని."

"మరి చూడుండ్రి."

"వంటాయన ఉంటడా ఆఖరుదాక? తినదా ఆయనను?"

"తినదు మేడం. ఓడ మునిగిపోతది. అందరిని హెలికాప్టర్ల ఎక్కిస్తరు, ఈయనను ఆఖరుకు తాడుతోని పైకి గుంజుతరు. తడిసి ముద్దయి ఉంటడు. పైలట్ కంబలి కప్పి, నీకేం కావాలె అని అడుగుతడు."

"ఏమంటడు?"

"మీరే పోయి ఇనుండ్రి మేడం. ఇయ్యాల ఫస్ట్ షో ఉన్నది కదా."

"నవీన్, చెప్పు."

"హాలంత నవ్వుతరు దానికి."

"నవ్వనియ్యి. ఏమంటడు?"

"'అన్నా, జర మా ఊరి కాడ ఆపుతవా, మా అక్క తినకుంట నాకోసం కూసోని ఉంటది' అంటడు మేడం."